కంట్రోలు కాలం



మన ఊళ్లలో రేషన్ దుకాణాన్ని పెద్దవాళ్లు ఏమంటారు? "కంట్రోలు దుకాణం" అంటారు. అక్కడ దొరికే బియ్యాన్ని "కంట్రోలు బియ్యం" అంటారు. ఈ మాట ఎప్పుడు వచ్చింది? ఎందుకు వచ్చింది?

ఈ మాట ఒక పెద్ద యుద్ధం నాడు మన ఇళ్లల్లోకి వచ్చింది. యుద్ధం ముగిసి ఎనభై ఏళ్లు దాటింది. మాట మాత్రం మిగిలింది. ఆ యుద్ధం నాటికి పిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు తొంభై ఏళ్ల ముసలివాళ్లు. వాళ్లు చిన్నప్పుడు ఏం తిన్నారు? ఏం కట్టారు? ఏ దీపం కింద పడుకున్నారు? ఈ పాఠంలో తెలుసుకుందాం.

యుద్ధం ఎక్కడ? మన ఊరు ఎక్కడ?

1939 సెప్టెంబరులో యూరప్ ఖండంలో యుద్ధం మొదలయింది. జర్మనీ దేశం పోలండ్ దేశం మీదికి దండెత్తింది. ఇంగ్లండ్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. అప్పుడు మన దేశం ఇంగ్లీషు వాళ్ల చేతిలో ఉంది. అందుకే ఇక్కడి నాయకులను ఒక్క మాట అడగకుండానే మన దేశాన్ని కూడా యుద్ధంలోకి దించారు. దీన్నే రెండో ప్రపంచ యుద్ధం అంటారు. ఇది 1945 వరకు, ఆరేళ్లు నడిచింది.

అప్పుడు మల్దకల్ ఎవరి ఏలుబడిలో ఉండేది? గద్వాల సంస్థానంలో ఉండేది. సంస్థానాన్ని మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ ఏలుతుండేది. ఆ సంస్థానం నిజాం రాజ్యం కింద ఉండేది. నిజాం ఇంగ్లీషు వాళ్ల పక్షాన ఉండేవాడు. యుద్ధానికి డబ్బు ఇచ్చాడు. సైన్యాన్ని పంపాడు. ఆయన ఇచ్చిన డబ్బుకు గుర్తుగా ఇంగ్లీషు వాళ్లు ఒక విమాన దళానికి హైదరాబాద్ పేరు పెట్టుకున్నారు.

మల్దకల్ కృష్ణకు, తుంగభద్రకు నడుమ ఉంది. అందుకే ఈ సీమను నడిగడ్డ అంటారు. తుంగభద్ర దాటితే కర్నూలు. అది నేరుగా ఇంగ్లీషు వాళ్ల ఏలుబడి. ఇవతల నిజాం రూపాయి, అవతల కల్దారు రూపాయి. ఏరు ఒకటే. రాజ్యాలు రెండు.

యుద్ధం జరిగే చోటు నడిగడ్డకు వేల మైళ్ల దూరం. ఇక్కడ ఫిరంగి పేలలేదు. బాంబు పడలేదు. అయినా యుద్ధం వచ్చింది. ఏ దారిన వచ్చింది? వంటింటి దారిన వచ్చింది.

ఒక ఇల్లు అనుకుందాం

మల్దకల్‌లో ఒక చిన్న రైతు ఇల్లు అనుకుందాం. ఇంట్లో ఆరుగురు. అవ్వ, నాయిన, అమ్మ, ముగ్గురు పిల్లలు. పెద్ద బిడ్డకు ఎనిమిదేళ్లు. కొన్ని ఎకరాల చేను ఉంది. జొన్న పండుతుంది. కొంచెం వేరుశనగ, కొంచెం ఆముదం వేస్తారు.

తెల్లవారుజామున అమ్మ లేస్తుంది. విసుర్రాయి తిప్పుతుంది. బిడ్డ ఎదురుగా కూర్చుని ఇంకో చేయి వేస్తుంది. జొన్నపిండితో రొట్టెలు. మాపటికి సంకటి. వరి అన్నం పండుగ నాడే. మల్దకల్ తిమ్మప్ప జాతర వచ్చిందంటే పిల్లలకు ఆ నాడు బెల్లం తీపి.

జొన్నలు ఎక్కడ దాచేవాళ్లు? ఇంటి ముందర గుంత తవ్వి, లోపల గడ్డి పరిచి, జొన్నలు పోసి పైన మన్ను కప్పేవాళ్లు. దాన్ని పాతర అంటారు. పాతర నిండుగా ఉంటే ఇల్లు ధైర్యంగా ఉన్నట్టు. పాతర తీసిన నాడు పిల్లలకు సంబరం.

ఇలాంటి ఇల్లు ఆ ఆరేళ్లలో ఏమయిందో ఒక్కొక్కటే చూద్దాం.

దీపం చిన్నదయింది

యుద్ధానికి ముందు గాసునూనె బుడ్డి చాలా ఇళ్లకు వచ్చింది. గాసునూనె అంటే కిరోసిన్. మన దేశానికి చాలా కిరోసిన్ బర్మా దేశం నుంచి వచ్చేది. 1942లో బర్మాను జపాన్ గెలుచుకుంది. ఆ నూనె ఆగిపోయింది. ఉన్న నూనెలో సైన్యం వాటా ముందు. ఊళ్లకు మిగిలింది కొంచెం.

ఇల్లు మళ్లీ ఆముదపు దీపానికి మళ్లింది. ఆముదాలు ఇంటి చేన్లోనే పండేవి. వాటిని వేయించి, దంచి, నీళ్లలో కాచి నూనె తీసేవాళ్లు. అది రోజంతా పట్టే పని. ఆ పని ఎవరిది? అమ్మది, అవ్వది, ఎనిమిదేళ్ల బిడ్డది.

ఆముదం దీపం వెలుగు మందం. గాలికి ఆరేది. అందుకని పొద్దు కుంకక ముందే వంట, తిండి అయిపోవాలి. "దీపం దండగ, పండుకోండి" అని అవ్వ అదిలించేది. దీపం చిన్నదయ్యేసరికి రాత్రి పెద్దదయింది.

జొన్న ధర ఎందుకు పెరిగింది?

బర్మా నుంచి నూనె ఒక్కటే కాదు, బియ్యం కూడా వచ్చేవి. ఏటా పది లక్షల టన్నులకు పైగా బియ్యం ఓడల మీద మన దేశానికి చేరేవి. 1942 మార్చి 8న బర్మా రాజధాని రంగూన్ జపాన్ చేతికి పోయింది. బియ్యం ఓడలు ఆగిపోయాయి.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. నడిగడ్డలో తినేది జొన్న. బర్మా బియ్యం రాకపోతే ఇక్కడికి ఏమి?

వరుసగా చూడండి.

బియ్యం రాక ఆగింది. బియ్యం తినే ఊళ్లలో కరువు పడింది.
బియ్యం ధర పెరిగింది.
బియ్యం కొనలేనివాళ్లు జొన్నలు, సజ్జలు కొన్నారు.
అప్పుడు జొన్న ధర కూడా పెరిగింది.
ధర ఇంకా పెరుగుతుందని వ్యాపారులు గింజలు దాచారు.
దాచేసరికి ధర ఇంకా పెరిగింది.

రంగూన్‌లో తెగిన తాడు మల్దకల్ అంగట్లో బిగిసింది. చేను లేని కూలి మనిషికి ఈ దెబ్బ ముందు తగిలింది. కూలి మెల్లగా పెరుగుతుంది. గింజల ధర గబగబా పెరుగుతుంది. పాత కూలికి పాత గింజలు రావు.

1943లో బెంగాల్‌లో ఘోరమైన కరువు వచ్చింది. సుమారు 30 లక్షల మంది చనిపోయారు. అక్కడ గింజలు బొత్తిగా లేక కాదు. ఉన్న గింజలు పేదల చేతికి అందక. ధర వాళ్లకు అందనంత ఎత్తుకు పోయింది. సర్కారు వేళకు కదలలేదు. ఇది మరిచిపోరాని పాఠం.

మన ఇంట్లో అంత ఘోరం జరగలేదు. కానీ రొట్టె పలుచనయింది. సంకటి అంబలి అయింది. పిల్లలు చేన్ల గట్ల మీద తిరిగి గునుగాకు, తుమ్మికూర, పొన్నగంటికూర తెంపుకొచ్చేవాళ్లు. అందరూ తిన్నాక మిగిలింది అమ్మ తినేది. కొన్ని నాళ్లు ఏమీ మిగిలేది కాదు.

బట్టకు కరువు

మిల్లులలో నేసే బట్ట ముందు సైన్యానికి పోయింది. ఉడుపులు, గుడారాలు, కట్టు గుడ్డలు అన్నీ యుద్ధానికే. ఊళ్లకు వచ్చే బట్ట తగ్గింది. బట్టకు కూడా కంట్రోలు పెట్టారు. అంటే ధర ఇంత, మనిషికి ఇంత అని సర్కారు కట్టడి చేసింది.

గద్వాల చీర పేరు మీకు తెలుసు. ఒళ్లంతా నూలు, అంచు, కొంగు పట్టు. గద్వాలలో, రాజోలిలో మగ్గాలు ఆడేవి. కానీ మగ్గానికి నూలు కావాలి. నూలు మిల్లుల నుంచి రావాలి. అది తగ్గింది. రంగు కావాలి. మంచి రంగులు అంతకు ముందు జర్మనీ నుంచి వచ్చేవి. అవి ఆగిపోయాయి. బట్ట లేక జనం ఇబ్బంది పడుతుంటే, బట్ట నేసేవాళ్లు నూలు లేక పస్తులున్నారు. ఈ వింత చూడండి. కొనేవాళ్లున్నారు. నేసేవాళ్లున్నారు. నడుమ నూలు లేదు.

మన ఇంట్లో ఏం చేశారు? అమ్మ పాత చీర బిడ్డకు లంగా అయింది. లంగా చినిగితే తమ్మునికి అంగి అయింది. అంగి చినిగితే బొంతలో అతుకు అయింది. ఒక్క గుడ్డ నాలుగు పుట్టుకలు ఎత్తింది. కొత్త బట్ట లేక పెళ్లిళ్లు వాయిదా వేసుకున్న ఇళ్లు కూడా ఉన్నాయి. ఉన్న ఒక్క చీరను ఉతికి, సగం కట్టుకుని, సగం ఆరబెట్టుకున్న ఆడవాళ్లు ఉన్నారు. బయటికి రాలేక పనికి పోలేదు. పనికి పోక కూలి రాలేదు.

చిల్లు కాణీ

యుద్ధానికి రాగి కావాలి. తూటాల గుల్లలకు రాగి వాడతారు. అందుకని ఇంగ్లీషు సర్కారు 1943లో కాణీ బిళ్ల నడుమ పెద్ద చిల్లు పెట్టింది. చిల్లు పెడితే రాగి మిగులుతుంది. దానికి జనం "చిల్లు కాణీ" అని పేరు పెట్టారు. పిల్లలు వాటిని దారానికి గుచ్చుకుని మొలకు కట్టుకునేవాళ్లు.

వెండి రూపాయి కూడా మారింది. 1940లో ఇంగ్లీషు వాళ్లు రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు. ఒక రూపాయి కాగితపు నోటు తెచ్చారు. జనం పాత వెండి రూపాయలు దాచుకున్నారు. "కాగితం తడిస్తే పోతుంది, వెండి పోతుందా?" అన్నారు. పెద్దమ్మలు వాటిని కరిగించి కడియాలు చేయించుకున్నారు.

పిల్లలకు చిల్లు కాణీ ఆట వస్తువు. పెద్దలకు అది ఒక గుర్తు. యుద్ధం మన మొలతాడు దాకా వచ్చిందని గుర్తు.

చలిజ్వరం మందు

వానకాలం వస్తే చలిజ్వరం వచ్చేది. దాన్నే మలేరియా అంటారు. దోమ కాటుతో వస్తుంది. అప్పుడు దానికి మందు క్వినైన్. క్వినైన్ ఒక చెట్టు బెరడు నుంచి తీస్తారు. ప్రపంచంలో వాడే క్వినైన్‌లో ఎక్కువ భాగం జావా దీవి నుంచి వచ్చేది. 1942లో జావా కూడా జపాన్ చేతికి పోయింది.

మందు కరువయింది. ఉన్నది సైన్యానికి. ఊళ్లో బిడ్డ చలితో వణుకుతుంటే తల్లి ఏం చేస్తుంది? ఉన్న బొంతలన్నీ కప్పింది. కషాయం కాచి పోసింది. తిమ్మప్పకు మొక్కింది. కొందరు బిడ్డలు లేచారు. కొందరు లేవలేదు. యుద్ధంలో చనిపోయినవాళ్ల లెక్కలో ఈ బిడ్డలను ఎవరూ రాయలేదు.

ఇప్పుడు మలేరియాకు మంచి మందులున్నాయి. సర్కారు దవాఖానలో రక్త పరీక్ష ఉచితం. చలితో జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా పోవాలి.

సిపాయి ఉత్తరం

ఆ యుద్ధంలో మన దేశం నుంచి సుమారు 25 లక్షల మంది సైన్యంలో చేరారు. బలవంతపు భరతీ లేకున్నా చేరారు. ఎందుకు? కొందరికి ఉత్సాహం. చాలామందికి జీతం. ఇంట్లో గింజలు లేవు, సైన్యంలో చేరితే నెలకు ఇంత అని మనియార్డరు వస్తుంది.

నిజాం సైన్యంలోని ఒక దళాన్ని మలయా దేశానికి పంపారు. కోట భారు అనే చోట విమానాల మైదానానికి కాపలా పెట్టారు. 1941 డిసెంబరు 8న జపాన్ సైన్యం సరిగ్గా అక్కడే ఒడ్డుకు దిగింది. దళాన్ని నడిపే అధికారి ప్రాణం పోయింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ కూడా పడిపోయింది. మన దేశపు సిపాయిలు వేల మంది బందీలయ్యారు.

వాళ్ల తల్లులకు, భార్యలకు కబురు ఎట్లా తెలుస్తుంది? ఉత్తరం రావాలి. ఉత్తరం వస్తే చదవాలి. చదువు వచ్చిన ఆడమనిషి ఊళ్లో ఒక్కతె ఉన్నా గొప్పే. ఉత్తరం పట్టుకుని పట్వారీ ఇంటికో, బడి పంతులు ఇంటికో పోవాలి. ఆయన తీరిక చూసుకుని చదవాలి. భర్త రాసిన మాట భార్యకు పరాయి మగవాని నోటి నుంచి వినాలి. జవాబు కూడా ఆయన చేతనే రాయించాలి. మనసులో మాట ఎట్లా చెబుతుంది? "అందరం బాగున్నాం" అని చెప్పి వచ్చేది.

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఆ వార్త నడిగడ్డకు సంతల ద్వారా, రైలు దిగినవాళ్ల ద్వారా వచ్చింది. నోటి మాట కదా. ఒక బాంబు పది బాంబులయింది. "రేపు గద్వాల మీద వేస్తారంట" అనేవాళ్లు. ఆకాశంలో చప్పుడు వినిపిస్తే పిల్లలు మంచం కింద దూరేవాళ్లు. పేపరు చదివే మనిషి లేని చోట పుకారే పేపరు.

ఆ నాడే బర్మాలో బతుకుదెరువుకు పోయిన తెలుగువాళ్లు వేలాదిగా తిరిగి బయలుదేరారు. ఓడలు చాలలేదు. అడవులు, కొండలు దాటి నడిచి వచ్చారు. దారిలో ఆకలికి, జ్వరానికి ఎందరో రాలిపోయారు.

లెవీ వచ్చింది

గింజల ధర పెరిగిపోతుంటే నిజాం సర్కారు ఒక పని చేసింది. పండిన పంటలో కొంత భాగం సర్కారుకు అమ్మాలి. సర్కారు చెప్పిన ధరకే అమ్మాలి. ఆ గింజలను పట్నాలకు, కరువు ఉన్న చోట్లకు పంపాలి. దీన్నే లెవీ అన్నారు.

ఆలోచన చూస్తే మంచిదే. గింజలు దాచేవాళ్ల నుంచి తీసి, లేనివాళ్లకు ఇవ్వాలి. కానీ జరిగింది వేరు.

పెద్ద భూస్వాములకు పలుకుబడి ఉంది. వాళ్ల గింజలు చాలాచోట్ల లెక్కకు రాలేదు. చిన్న రైతుకు పలుకుబడి లేదు. అతని పాతర మీదికి ముందు వచ్చారు. బయట అంగట్లో ధర ఎక్కువ. సర్కారు ఇచ్చే ధర తక్కువ. లెవీ ఇచ్చిన రైతే నాలుగు నెలల తర్వాత తినడానికి అంగట్లో ఎక్కువ ధరకు గింజలు కొనాల్సి వచ్చింది.

ఊరి ముందు బండ్లు ఆగితే ఇంట్లో గుబులు పుట్టేది. అవ్వ విత్తనాల గంప మీద గుడ్డ కప్పి ఆ గుడ్డ మీద కూర్చునేది. "లేవకు అవ్వా, లేవకు" అని మనుమరాలు చెవిలో చెప్పేది. పిల్లలకు అబద్ధం చెప్పొద్దని నేర్పే ఇంట్లోనే ఆ రోజు "మా దగ్గర ఏమీ లేవు" అని చెప్పమని పిల్లలకు నేర్పారు. భయం మనుషులను అట్లా చేస్తుంది.

లెవీ మీద నిజాం రాజ్యంలో చాలాచోట్ల రైతులు నోరు విప్పారు. ఆంధ్ర మహాసభ వాళ్ల పక్షాన నిలబడింది. ఆ కాలంలోనే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ దొర మనుషులు తన పంటను ఎత్తుకుపోకుండా సంఘం అండతో కాపాడుకుంది. ఆమెకు అక్షరాలు రావు. ధైర్యం వచ్చు. హైదరాబాద్‌లోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఆమె పేరు పెట్టారు.

ఒక అంకె, మూడు నెలల తిండి

ఇప్పుడు మన ఇంటి లెక్క చేద్దాం. ఇది నేర్చుకోవడానికి వేసిన లెక్క.

నిజాం రాజ్యంలో గింజలను పల్లాలలో కొలిచేవాళ్లు. ఒక పల్లా అంటే 120 సేర్లు. ఒక సేరు ఇప్పటి కిలో కంటే కొంచెం తక్కువ.

ఇంట్లో పండిన జొన్నలు: 10 పల్లాలు
లెవీకి పోయినవి: 3 పల్లాలు
విత్తనాలకు దాచినవి: 1 పల్లా
అప్పు కింద షావుకారుకు పోయినవి: 2 పల్లాలు
ఇంటికి మిగిలినవి: 4 పల్లాలు

4 పల్లాలు అంటే 480 సేర్లు. ఏడాదికి 12 నెలలు. 480ని 12తో భాగిస్తే నెలకు 40 సేర్లు. అంటే ఆరుగురికి కలిపి రోజుకు ఒక సేరు, ఇంకో సేరులో మూడో వంతు. చేన్లో పని చేసే మనిషికి ఒక్కరికే రోజుకు అర సేరు కావాలి. ఆరుగురికి ఇది ఎట్లా సరిపోతుంది? సరిపోదు. అందుకే సంకటి అంబలి అయింది.

ఇంకో సంగతి చూడండి. లెవీకి 3 పల్లాలు ఇచ్చారు. రసీదు ఇచ్చారు. నిజాం సర్కారు కాగితాలు ఎక్కువగా ఉర్దూలో ఉండేవి. ఇంట్లో తెలుగు అక్షరాలే రావు. ఉర్దూ ఎక్కడ వస్తుంది? రాసేవాడు 3 అని రాయాల్సిన చోట 2 అని రాస్తే ఏమవుతుంది?

ఒక పల్లా పోయినట్టే. ఒక పల్లా అంటే 120 సేర్లు. నెలకు 40 సేర్లు తినే ఇంటికి 120 సేర్లు మూడు నెలల తిండి. ఒక్క అంకె మారితే ఆరుగురి మూడు నెలల తిండి పోతుంది. ఆ కాగితాన్ని అమ్మ మడిచి, చూరులో చెక్కి, ఏళ్ల తరబడి జాగ్రత్తగా దాచింది. అందులో ఏముందో ఆమెకు తెలియదు.

యుద్ధం ముగిసింది, కంట్రోలు మిగిలింది

1945 మే నెలలో జర్మనీ ఓడింది. ఆగస్టు 6న హిరోషిమా మీద, 9న నాగసాకి మీద అమెరికా అణుబాంబులు వేసింది. ఆగస్టు 15న జపాన్ లొంగిపోతున్నట్టు చెప్పింది. యుద్ధం ముగిసింది.

కానీ ధరలు వెంటనే దిగలేదు. కంట్రోలు వెంటనే పోలేదు. 1947 ఆగస్టు 15న మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం భారత దేశంలో కలిసింది. గద్వాల సంస్థానం కూడా పోయింది. గద్వాల సీమ అప్పుడు రాయచూరు జిల్లాలో ఉండేది. 1956లో మహబూబ్‌నగర్ జిల్లాలోకి వచ్చింది. 2016లో జోగులాంబ గద్వాల జిల్లా అయింది. మల్దకల్ ఇప్పుడు ఆ జిల్లాలో ఒక మండలం.

రాజ్యాలు మారాయి. జిల్లాలు మారాయి. యుద్ధం నాడు పుట్టిన రేషన్ పద్ధతి మాత్రం మారుతూ, పెరుగుతూ నిలిచింది. ఆనాడు అది సైన్యం కోసం, పట్నాల కోసం పుట్టింది. ఈనాడు అది పేదల హక్కు.

ఇప్పుడు కార్డు ఎవరి పేరున ఉంది?

2013లో మన దేశంలో ఆహార భద్రత చట్టం వచ్చింది. ఆ చట్టంలో ఒక మంచి మాట ఉంది. రేషన్ కార్డు విషయంలో ఇంటికి పెద్ద ఎవరు? ఇంట్లో 18 ఏళ్లు నిండిన ఆడవాళ్లలో అందరికన్నా పెద్ద ఆమె. అంటే కార్డుకు యజమాని ఆడమనిషి.

చూరులో చెక్కిన రసీదు నాటి అమ్మకు ఈ హక్కు లేదు. మీకు ఉంది.

తెలంగాణలో 2025 నుంచి కార్డు ఉన్నవాళ్లకు సన్న బియ్యం ఇస్తున్నారు. మనిషికి నెలకు 6 కిలోలు. ఇంట్లో ఐదుగురి పేర్లు కార్డులో ఉంటే 30 కిలోలు రావాలి. దుకాణంలో వేలిముద్ర వేసినాక ఒక చీటీ వస్తుంది. ఆ చీటీ తీసుకోండి. చదవండి. దాని మీద ఎన్ని కిలోలని ఉంది? మీ సంచిలోకి ఎన్ని కిలోలు వచ్చాయి? రెండూ ఒకటేనా? తేడా ఉంటే అడగండి. "అంకె తప్పు పడింది, సరి చేయండి" అని అక్కడే చెప్పండి. సరి చేయకపోతే తహసీల్దారు ఆఫీసులో అర్జీ ఇవ్వండి. అర్జీ మీరే రాయండి. మీకు రాయడం వచ్చు.

పెద్దవాళ్లను అడగండి

రాజులు ఎన్ని విమానాలు ఇచ్చారో పుస్తకాల్లో ఉంది. ఎక్కడ ఏ సైన్యం గెలిచిందో ఉంది. ఎనిమిదేళ్ల బిడ్డ ఎన్ని రాత్రులు అంబలి తాగి పడుకుందో పుస్తకాల్లో తక్కువ. అది ముసలివాళ్ల మనసులో ఉంది. వాళ్లు పోతే అది కూడా పోతుంది.

ఇన్నాళ్లు ఆ మాటలు వినేవాళ్లున్నారు, రాసేవాళ్లు లేరు. ఇప్పుడు మీకు అక్షరాలు వచ్చాయి. మీ వీధిలో తొంభై దాటిన అవ్వ, తాత ఉంటే వాళ్ల పక్కన కూర్చోండి. తొందర పెట్టకండి. చెప్పింది చెప్పినట్టు రాయండి. వాళ్ల యాస మార్చకండి. తప్పులు వస్తాయని భయపడకండి. అక్షరం తప్పు పడితే దిద్దుకోవచ్చు. మనిషి పోతే ఆ మాట దొరకదు.

కొత్త మాటలు

కంట్రోలు: సరుకు ధర మీద, పంపకం మీద సర్కారు పెట్టే కట్టడి.
లెవీ: పంటలో కొంత భాగాన్ని సర్కారు చెప్పిన ధరకు తప్పనిసరిగా ఇవ్వడం.
పాతర: గింజలు దాచే గుంత.
పల్లా: 120 సేర్ల కొలత.
కల్దారు: ఇంగ్లీషు వాళ్ల రూపాయి.
రసీదు: ఇచ్చినదానికి, తీసుకున్నదానికి గుర్తుగా రాసే కాగితం.
పుకారు: నిజమో కాదో తెలియని నోటి మాట.

చదివి చెప్పండి

1. మన దేశానికి కిరోసిన్, బియ్యం ఏ దేశం నుంచి వచ్చేవి? అవి ఎప్పుడు ఆగాయి?
2. బర్మా బియ్యం ఆగితే నడిగడ్డలో జొన్న ధర ఎందుకు పెరిగింది? వరుసగా చెప్పండి.
3. కాణీకి చిల్లు ఎందుకు పెట్టారు?
4. లెవీ భారం చిన్న రైతు మీద ఎందుకు ఎక్కువ పడింది?

లెక్క చేయండి

1. ఒక ఇంట్లో 8 పల్లాలు పండాయి. లెవీకి 2, విత్తనాలకు 1, అప్పుకు 2 పల్లాలు పోయాయి. ఎన్ని పల్లాలు మిగిలాయి? అవి ఎన్ని సేర్లు?
2. మీ కార్డులో ఎంతమంది పేర్లు ఉన్నాయి? మనిషికి 6 కిలోల చొప్పున మీకు ఎన్ని కిలోలు రావాలి?

కూడి మాట్లాడుకోండి

1. ఇంట్లో తిండి తక్కువయిన నాడు ఎవరు తక్కువ తింటారు? ఎందుకు? ఇది మారాలంటే ఏం చేయాలి?
2. మీ ఇంట్లో చదవకుండా దాచిన కాగితాలు ఉన్నాయా? పాసు పుస్తకం, బ్యాంకు పుస్తకం, సంఘం పుస్తకం, రసీదులు అన్నీ ఒకసారి బయటికి తీయండి. ఒక్కొక్కటి చదవండి. అర్థం కాని మాట కింద గీత గీసి కేంద్రానికి తీసుకురండి.

రాయండి

మీకు తెలిసిన పెద్దమ్మను ఈ మూడు ప్రశ్నలు అడగండి. ఆమె చెప్పింది ఐదు వాక్యాలలో రాయండి. రాసినాక ఆమెకే చదివి వినిపించండి.

చిన్నప్పుడు మీ ఇంట్లో ఏ దీపం ఉండేది?
గింజలు లేని నాడు ఏం తిన్నారు?
కంట్రోలు అనే మాట మొదటిసారి ఎప్పుడు విన్నారు?